పందొమ్మిది మార్కులు నావేనని మనవి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
శ్వాసకోశ వార్డు, పెద్ద హాలు, పద్నాలుగో నంబరు మంచం రోగి, వృత్తిరీత్యా రికార్డు గది హెడ్ గుమాస్తా, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గాజుగది మూడో మంచం రోగి, అనగా మా అత్తగారి చిన్నల్లుడు, నాకు తోడల్లుడు అగు వ్యక్తి పేరున నమోదైన ఛాతీ స్కాన్ మార్కులు పాతికకు పందొమ్మిది నావియనియు, నా పేరున ఉన్న తొమ్మిది అతనివనియు, కావున నేటి సాయంత్రం నాలుగు గంటలకు నన్ను ఇంటికి పంపుటకు ఇచ్చిన ఉత్తర్వును నిలుపుదల చేయవలెననియు మనవి.

సూచిక: ఇదే మనిషి గురించి నేను ఇదివరలో సమర్పించుకున్న మూడు అర్జీలు. మొదటిది కిటికీ గురించి, రెండవది గుడ్డు గురించి, మూడవది పాసు గురించి.

పై మూడింటికీ జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. దీన్ని మాత్రం ఆ మూడింటితో కలిపి దారం కట్టకుండా విడిగా చదవవలసిందిగా ప్రార్థన. అవి ఓర్వలేక రాసినవి. ఇది ఊపిరాడక రాస్తున్నది.

1. మా అత్తగారికి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. నేను పెద్దల్లుణ్ణి. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్న అతను చిన్నల్లుడు. వరసకు తమ్ముడు. ఇరవై ఆరేళ్ళుగా అత్తగారింట్లో ఏ ఫ్యాను ఆగినా అతని పేరే, ఏ కుళాయి కారినా అతని పేరే. పాత కాగితం ఏదైనా వెతకవలసి వస్తే మాత్రం నా పేరు. ఫ్యాను రోజూ తిరగాలి, పాత కాగితం పదేళ్ళకోసారి కావాలి. ఆ ఇంట్లో ఎవరి విలువ ఎంతో ఇంతకన్నా వివరించనక్కరలేదు. మా అత్తగారు నన్ను "పెద్దల్లుడు గారు" అంటారు, అతన్ని "చిన్నబ్బాయి" అంటారు. ఆ "గారు" తీసుకుని ఆ "అబ్బాయి" ఇచ్చెయ్యమని ఎన్నోసార్లు అడగబోయి మానుకున్నాను.

2. ఐదు రోజుల క్రితం మేమిద్దరం ఒకే జ్వరంతో, ఒకే దగ్గుతో, అతని కారులోనే తమ ఆసుపత్రికి వచ్చాము. ఇద్దరికీ ఛాతీ స్కాన్ తీశారు. మార్కుల పద్ధతి ఏమిటో స్కాన్ తీసే ఆయన్ని నేనే అడిగి తెలుసుకున్నాను. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమ దానికి రెండు. ఒక్కో భాగం ఎంత మేర పాడైందో చూసి సున్నా నుంచి ఐదు దాకా వేస్తారు. మొత్తం పాతిక.

"ఎంత తక్కువొస్తే అంత మంచిదండీ. పద్దెనిమిది దాటిందంటే మాత్రం మనిషి పైకి ఎలా ఉన్నా సరే, కళ్ళల్లో వత్తులేసుకుని చూసుకోవాలి" అన్నాడాయన.

"అంటే జాతకం లాంటిదా?" అన్నాను.

"జాతకం కాదండీ. మబ్బు చూసి గొడుగు పట్టుకెళ్ళడం. వాన పడకపోవచ్చు కూడా. పడిందనుకోండి, గొడుగు లేనోడు తడిసిపోతాడు."

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. చిన్నల్లుడికి పందొమ్మిది, నాకు తొమ్మిది. సంతోషించవలసిన సంగతే గాని నాకు సంతోషం కలగలేదు. మార్కులు తక్కువొస్తే మొహం మాడ్చుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటైన ప్రాణం. ఇక్కడా అతనే ముందా అనిపించింది. ఇట్టి ఆలోచన ఒక రోగికి తగదని తెలుసు, అయినా అనిపించింది.

3. పందొమ్మిది వలన అతనికి సంక్రమించిన సౌకర్యములు తమ రికార్డులోనే ఉన్నవి. గాజుగదిలో మంచం, మంచం పక్కన కిటికీ, గంటగంటకూ వచ్చి చూసే సిస్టర్, పొద్దున్న రెండు గుడ్లు. హాలులో మాకు సిస్టర్ రోజుకు రెండుసార్లు, గుడ్డు ఒక్కటి. అత్తగారు నాకు ఫోన్ చేసి నా ఆరోగ్యం సంగతి ఒక్క వాక్యంలో ముగించి, మిగిలిన పావుగంటా అతని గురించే అడిగారు. "మీకేం పెద్దల్లుడు గారూ, తొమ్మిదేగా! చిన్నబ్బాయిని తలుచుకుంటేనే నాకు ముద్ద దిగడం లేదు" అన్నారు. నాకు ముద్ద దిగుతోందా లేదా అన్నది ఎవరూ విచారించలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగు మంచం రోగం కూడా అంతేనని నాకు ఈ ఐదు రోజుల్లో తెలిసింది.

4. ఇక పాసు. గాజుగది రోగులకు మాత్రమే రోజుకు పది నిమిషాలు, ఒక్క మనిషి, వరండాలో అద్దం అవతల నిలబడి చూడవచ్చునని తమ ఉత్తర్వు. హాలు రోగులకు అదీ లేదు. అతని భార్య, అనగా నా మరదలు, జ్వరంతో ఇంట్లో ఉన్నందున ఆ పాసు మీద వరసగా మూడు రోజులు వచ్చింది నా భార్య.

అయ్యా, వరండాకు ఒక అద్దం, హాలుకు ఒక అద్దం, మధ్యలో గాజుగది. పద్నాలుగో మంచం మీద కూర్చుంటే రెండు అద్దాల అవతల నా భార్య మొహం కనబడుతుంది. ఆవిడ అతని మంచం ముందు నిలబడి చెయ్యి ఊపేది. ఒకసారి కాదు, ఆగకుండా ఊపుతూనే ఉండేది. అతను మంచం మీద అటూ ఇటూ జరిగేవాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను బస్సెక్కి ఊరెళ్ళినా నాకు అన్నిసార్లు చెయ్యి ఊపిన మనిషి కాదావిడ. నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. మొదటి రోజు చూశాను, రెండో రోజు చూశాను. మూడో రోజు గోడవైపు తిరిగి పడుకున్నాను. పది నిమిషాలూ అలాగే పడుకుని, ఆవిడ వెళ్ళిందని ఆయా చెప్పాక ఇటు తిరిగాను. ఆ మధ్యాహ్నమే మూడో అర్జీ రాసి పంపాను.

5. నిన్నటి నుంచి నాకు మంచం దగ్గర్నుంచి బాత్రూముకు వెళ్ళి రావడానికి నడుమ రెండుచోట్ల ఆగవలసి వస్తున్నది. సిస్టర్ వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ అంకె తక్కువ చూపించింది. ఆవిడ ఫైలు చూసింది. ఫైలులో తొమ్మిది ఉంది. "తొమ్మిది మార్కుల మనిషికి ఇంత తక్కువ రాదే. వేళ్ళు చల్లగా ఉన్నాయి, అందుకే" అని ఇంకో వేలికి పెట్టింది, తర్వాత ఇంకో వేలికి. నాలుగో వేలు కాస్త మర్యాదగా ప్రవర్తించింది. దాని అంకె రాసుకుని వెళ్ళింది. ఆవిణ్ణి నేను తప్పుపట్టడం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు రికార్డు గదిలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలేసి కాగితాన్ని నమ్మినవాణ్ణి నేను. బతికే ఉన్నానని చెప్పుకోవడానికి వచ్చిన ఒకాయన్ని, ఆ ముక్క కాగితం మీద పట్టుకురమ్మని మూడుసార్లు తిప్పాను. ఆయన మా ఆఫీసు మెట్లెక్కుతూ ఎలా ఆయాసపడ్డాడో ఇప్పుడు గుర్తొస్తోంది.

నన్ను నేనే నమ్మలేదన్నది ఇక్కడ ముఖ్యం. తొమ్మిది మార్కులవాడికి ఆయాసం ఎక్కడిది, ఇదంతా చిన్నల్లుణ్ణి చూసి ఓర్వలేక నా ఒళ్ళు ఆడుతున్న నాటకం అనుకున్నాను.

6. నేటి ఉదయం పదకొండు గంటలకు, సాయంత్రం ఇంటికి వెళ్ళవచ్చునని చెప్పి, నా స్కాన్ కవరు నా చేతికిచ్చారు. కవరు చేతికొస్తే తెరవకుండా ఉండడం నా వృత్తిలో లేదు. ఫిల్మును హాలు వెలుతురుకు పట్టి చూశాను. మచ్చలు అక్కడక్కడ తెల్లగా మసకమసకగా ఉన్నవి. కాని ఒకటి లేదు.

పదకొండేళ్ళ క్రితం రికార్డు గదిలో నిచ్చెన మీద నుంచి పడ్డాను. ఎడమ భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోహపు పట్టీ, ఆరు స్క్రూలు వేశారు. చలికాలంలో అవి నన్ను నిద్రపోనివ్వవు. నా పేరున్న ఈ ఫిల్ములో ఆ ఎముక నున్నగా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్నది.

గోడ పట్టుకుని గాజుగదికి వెళ్ళాను. చిన్నల్లుడు మంచం మీద లేడు. ఆక్సిజన్ గొట్టం మెడలో దండలాగా వేసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని, మందుల ట్రాలీ చక్రం విప్పుతున్నాడు. రెండు రోజులుగా ఆ చక్రం కీచుమంటోందట. పందొమ్మిది మార్కుల రోగి!

"ఏంట్రా ఇది?" అన్నాను.

"చప్పుడు భరించలేకపోతున్నా అన్నయ్యా. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందంటున్నారు డాక్టర్లు. మీటింగులో నా గురించే చెప్పుకున్నారంట."

కోలుకోవడంలో కూడా మొదటి ర్యాంకే. నేను అతని మంచానికి వేలాడుతున్న కవరు తీసి, ఫిల్మును కిటికీకి పట్టాను. ఎడమవైపు పైన తెల్లగా ఒక పట్టీ. దాని మీద ఆరు స్క్రూలు, లెక్కపెట్టాను. కింద నా రెండు ఊపిరితిత్తులు, గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా. రిపోర్టు నాలుగో వరసలో "ఎడమ కాలర్ ఎముకకు పాత లోహపు పట్టీ కలదు" అని టైపు చేసి కూడా ఉన్నది.

"ఇది చదివావా?"

"చదివా. నాకెప్పుడు వేశారబ్బా అనుకున్నా. డాక్టర్లు కదా, ఏదో రాస్తారులే అని ఊరుకున్నా."

అయ్యా, ఐదు రోజులుగా నేను కుళ్ళి చచ్చింది నా ఊపిరితిత్తులను చూసి. మనిషి తన సొత్తు మీద తానే అసూయపడిన సందర్భం నా సర్వీసులో మరొకటి చూడలేదు.

7. ఈ తారుమారు ఎవరి వల్ల జరిగినదో విచారణ జరిపించి, స్కాన్ గది సిబ్బందికి మెమో ఇవ్వవలదు. తప్పు నాది. ఆ రోజు స్కాన్ గది జాబితాలో చిన్నల్లుడి పేరు ముందు, నా పేరు తర్వాత ఉన్నది. కారు నడిపి, చీటీ రాయించింది అతను కనుక తన పేరు ముందు రాయించుకున్నాడు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. లోపలి నుంచి "తర్వాత వాళ్ళు రండి" అని పిలిచారు. పేరు పిలవలేదు. అతను లేవబోయాడు. నేను భుజం పట్టి కూర్చోబెట్టి, "పెద్దల్లుణ్ణి నేనుండగా నువ్వు ముందేమిటి?" అని లోపలికి నడిచాను. అతను నవ్వి "వెళ్ళన్నయ్యా" అన్నాడు. లోపల పేరు అడిగారేమో తెలియదు. మాస్కు, దగ్గు, పైగా గెలిచిన సంతోషం. నేను తల ఊపాను. అంతే. నా ఛాతీ అతని నంబరు మీద, అతని ఛాతీ నా నంబరు మీద పడ్డవి. ఇరవై ఆరేళ్ళలో అతని కన్నా ముందు నేను ఒక గుమ్మం దాటింది అదొక్కసారే.

8. ఈ సంగతి సిస్టరుకు నోటిమాటగా విన్నవించుకున్నాను. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "పెద్దాయనా, మొన్న ఆయన కిటికీ కావాలన్నారు. తర్వాత ఆయన గుడ్డు. నిన్న ఆయన పాసు. ఇవాళ ఆయన ఊపిరితిత్తులే కావాలా?" అన్నది. చుట్టూ ఉన్న మంచాలు నవ్వినవి. స్క్రూల సంగతి చెప్పబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. డ్యూటీ డాక్టరు గారు సాయంత్రం ఐదుకు గాని రారట. నేను నాలుగుకు వెళ్ళిపోవాలి. ఇంటికి వెళితే అక్కడ మూడో అంతస్తు ఎక్కాలి. ఎక్కగలనని అనిపించడం లేదు. అందుకే రాతపూర్వకంగా.

9. ప్రస్తుతం గాజుగదిలో, చిన్నల్లుడి మంచం పక్క స్టూలు మీద కూర్చుని, అతను భోజనం చేసే బల్ల మీద పెట్టుకుని ఈ అర్జీ రాస్తున్నాను. సమయం ఒకటీ నలభై. పై పేరా రాయడానికి నాలుగుసార్లు ఆగాను. పెన్నుకు ఇంత బరువు ఉంటుందని తెలియదు.

ఆగినప్పుడల్లా అతను మాట్లాడుతున్నాడు. మాట్లాడకుండా ఉండలేడు.

"అన్నయ్యా, ఒకటడుగుతాను ఏమనుకోకు. నిన్న వదినొస్తే ఎందుకు అటు తిరిగి పడుకున్నావ్?"

"నీ కోసం వచ్చిన మనిషి. నాకెందుకు మధ్యలో" అన్నాను.

"నా కోసమా! ఆవిడ మూడు రోజుల్లో నా మొహం సరిగ్గా చూడలేదు తెలుసా? నేను అద్దానికి అడ్డమొస్తున్నానని 'జరుగు, జరుగు' అని ఒకటే చెయ్యి ఊపడం. ఇటు జరిగితే స్టాండు అడ్డం, అటు జరిగితే నేను అడ్డం. చివరికి మంచం దిగి కింద కూర్చున్నా, పద్నాలుగో మంచం బాగా కనబడుతుందని. తీరా చూస్తే నువ్వు గోడవైపు పడుకున్నావ్. పది నిమిషాలూ నీ వీపే చూసి వెళ్ళింది పాపం."

అయ్యా, ఈ మాట అర్జీలో ఉండదగినది కాదు. కొట్టివేయడానికి పెన్ను ఎత్తి, మళ్ళీ దించాను. ఉండనివ్వండి. రికార్డులో ఉండాలి.

10. కాబట్టి నా కోరికలు:

అ) నాలుగు గంటల ఉత్తర్వు ఆపాలి.

ఆ) పందొమ్మిది నాకు, తొమ్మిది అతనికి మార్చాలి. రుజువు కావలసినచో చొక్కా విప్పి మచ్చ చూపగలను. వేలితో నొక్కితే స్క్రూలు తగులుతాయి.

ఇ) గాజుగది, కిటికీ, గంటగంటకూ చూడడం వగైరా నాకు ఇప్పించాలి. ఆ లెక్కన నాలుగుకు ఇంటికి వెళ్ళేది చిన్నల్లుడవుతాడు. వెళ్ళి అత్తగారింట్లో నులక మంచం మీద కాళ్ళు చాపుకుని, ఆసుపత్రిలో తాను పందొమ్మిదితో ఎలా పోరాడాడో కథలు చెబుతాడు. ఆ పందొమ్మిది తనవి కావని ముందు ఒప్పుకోవాలని అతని చేత ఒక కాగితం మీద

ఇది అనవసరం. తీసివేయగలరు. తలుచుకుంటే కడుపు మండుతున్నది, అంతే. మంటలో తేడా లేదు గాని అతను పోకూడదు, నేనూ పోకూడదు అని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఈ) రేపటి పాసు నా పేర ఇవ్వాలి. పది నిమిషాలు చాలు. నేను ఇటు తిరిగి పడుకుంటాను.

మబ్బు కనబడింది గొడుగు

కావున తమరు దయతో ఈ కాగితాన్నీ, కాగితం కన్నా ముందు దీన్ని రాసిన మనిషినీ చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధే

తా.క. అయ్యా, ఆ మాట పూర్తి చేసేలోపు అన్నయ్య చేతిలోంచి పెన్ను జారిపోయిందండి. ఇది చిన్నల్లుణ్ణి, నేను రాస్తున్నా. నాది కోడిగీత రాత, తప్పులుంటే సర్దుకోండి.

పెదాలు నీలంగా అయిపోయాయండి. నేను లేచి ఆయన్ని నా మంచం మీద పడుకోబెట్టి, నా మెడలో గొట్టం తీసి ఆయనకి పెట్టాను. ఎంత తిప్పాలో తెలీక మొత్తం తిప్పేశాను. సరిగ్గా రెండింటికి నన్ను చూడ్డానికి సిస్టర్ వచ్చింది. మంచం మీద నేను లేను, ఆయనున్నాడు. తిట్టబోయింది. నేను ఆయన చొక్కా గుండీలు విప్పేసి ఆవిడ చెయ్యి లాగి ఆ ఎముక మీద పెట్టాను. ఒకటి, రెండు, మూడు అని ఆవిడే లెక్కపెట్టింది. ఆరు దాకా రాకుండానే పరిగెత్తింది. క్లిప్పు పెడితే ఏ వేలికైనా ఒకటే చూపిస్తోందండి, ఎనభై మూడు.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు వచ్చారు. పెద్ద మాస్కు పెట్టారు. ఇప్పుడు తొంభై అయింది. మాట్లాడొద్దన్నారు. మాట్లాడకుండా నా వైపు రెండు వేళ్ళు చూపించాడు. ఏంటన్నయ్యా, ఇద్దరు పిల్లల గురించా అని నాకు ఏడుపొచ్చింది. అడ్డంగా తల ఊపి, నా టిఫిను ప్లేటు వైపు చూపించాడు. గుడ్లండి. రేపట్నుంచి రెండూ ఆయనవే. నేనే వలిచి పెడతాను.

నేను నాలుగింటికి వెళ్ళట్లేదు. వదిన వచ్చేదాకా ఇక్కడే ఉంటా, ఆ స్టాండు పక్కకి జరపాలి.

ఇంకో మాట. ఇద్దరికీ స్కాన్ మళ్ళీ తీస్తారంట. జాబితా నాకు చూపించారు. నా నంబరు ముందుంది, ఆయనది తర్వాత. పేరు పిలిచే లోపలికి పంపండి, ఈసారి తప్పు జరగకూడదు. కానీ ముందు ఆయన్నే పిలవండి. ఎంతైనా పెద్దల్లుడు కదండీ.